జనసునావణికి వెళ్ళేముందు: వార్ధా ఒడ్డున బొగ్గు విద్యుత్ కేంద్రం, మీ చేతిలోని కాగితం

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "మాది చంద్రపూర్ జిల్లా గోండ్‌పిప్రి తాలూకాలో వార్ధా ఒడ్డున ఒక ఊరు. సగానికి పైగా తెలుగువాళ్ళమే. మా పొలాలకు నాలుగు కిలోమీటర్ల దూరంలో 660 మెగావాట్ల యూనిట్లు రెండింటితో బొగ్గు విద్యుత్ కేంద్రం కడతారని మరాఠీ పేపర్లో ప్రకటన పడింది. వచ్చే నెల జనసునావణి, అంటే ప్రజాభిప్రాయ సేకరణ సభ అట. అంతా ముందే ఖాయమైపోయింది, వెళ్ళడం దండగ అని కొందరు అంటున్నారు. వెళ్ళి సభ జరగనివ్వకుండా చేయాలని కొందరు అంటున్నారు. పెద్దవాళ్ళకు మరాఠీ చదవడం రాదు. నిజంగా ఆ సభ వల్ల ప్రయోజనం ఉందా?"

ఉంది. అయితే మీ ఊళ్ళో ఆ రెండు వర్గాలూ వెతుకుతున్న చోట లేదు. ఆ రోజు షామియానా కింద అనుమతి ఇచ్చేవాళ్ళెవరూ కూర్చోరు, నిరాకరించేవాళ్ళూ కూర్చోరు. వేదిక మీది కలెక్టరు గారికీ, కాలుష్య నియంత్రణ మండలి అధికారికీ ఉన్న పని మీరు చెప్పింది నమోదు చేయించి ఢిల్లీకి పంపడం వరకే. అందుకని ఆ సభలో నేను ఎప్పుడూ ఒకటే చూస్తాను: మినిట్స్‌లోకి, అంటే సభలో జరిగినదాని అధికారిక నమోదులోకి, ఏం ఎక్కింది?

నా సంగతి చెప్పి మొదలుపెడతాను. ఈ పర్యావరణ ప్రభావ నివేదికలు తయారుచేసే కన్సల్టెన్సీల తరఫున పదకొండేళ్ళు ఊళ్ళు తిరిగి గాలి, నీరు, మట్టి నమూనాలు పట్టాను. ఆ ఉద్యోగం మానేశాక అవే నివేదికలను ఊళ్ళవాళ్ళ పక్కన కూర్చుని చదివిపెడుతున్నాను. ఉండేది రాజురాలో. మా తాత కరీంనగర్ వైపు నుంచి గని పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. కరెంటుకు నేను వ్యతిరేకిని కాను. చంద్రపూర్ మే నెల ఎండలో ఫ్యాను ఆగితే అందరికంటే ముందు విసుక్కునేది నేనే.

ముందు దారి చెబుతాను, త్వరగా. 2006 సెప్టెంబర్ 14న కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ దీనంతటికీ మూలం. దాని ప్రకారం బొగ్గుతో 500 మెగావాట్లు, అంతకు మించి తయారుచేసే కేంద్రాలు 'ఎ' కేటగిరీ. వాటిని తేల్చేది ఢిల్లీలోని పర్యావరణ మంత్రిత్వ శాఖ. మీది 1,320 మెగావాట్లు కాబట్టి అక్కడికే వెళ్తుంది. కంపెనీ మొదట దరఖాస్తు పెడుతుంది. ఏమేమి అధ్యయనం చేయాలో శాఖవారి నిపుణుల కమిటీ విధివిధానాలు రాసిస్తుంది. వాటిని పట్టుకుని గుర్తింపు పొందిన కన్సల్టెంటు ముసాయిదా నివేదిక తయారుచేస్తాడు. ఆ ముసాయిదా మీద జనసునావణి జరుగుతుంది. మీ అభ్యంతరాలకు జవాబులు చేర్చి తుది నివేదిక పంపుతారు. నిపుణుల కమిటీ దాన్ని పరిశీలించి సిఫారసు చేస్తే శాఖ అనుమతి పత్రం ఇస్తుంది. ఆ పైన కేంద్రం నడపడానికి మహారాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి నుంచి సమ్మతి తీసుకోవాలి. అటవీ భూమి కలిస్తే దాని ఫైలు వేరే. మీ తాలూకాలోనే 2021లో ప్రకటించిన కన్హార్‌గావ్ అభయారణ్యం ఉంది. తాడోబా పులులు కాగజ్‌నగర్ అడవుల వైపు దాటేది ఆ మీదుగానే. అందుకని స్థలానికీ దానికీ ఎంత దూరమో కూడా చూడాలి.

ఈ వరసలో మీరున్నది ముసాయిదా దగ్గర. ముసాయిదా అంటే ఇంకా మార్చదగినది అని అర్థం. "ముందే ఖాయమైపోయింది" అనేవాళ్ళు పూర్తిగా తప్పు మాట్లాడటం లేదు, దరఖాస్తు చేసినవాటిలో చాలావాటికి చివరికి అనుమతి వస్తుంది. కానీ ఏ షరతులతో వచ్చింది, ఆ షరతులు ఎక్కడి నుంచి పుట్టాయి అని చూస్తే జనసునావణి మినిట్స్ దగ్గరికే వెళ్ళి ఆగుతాం. అనుమతి రద్దయిన సందర్భాలూ లేకపోలేదు. ఒడిశా సరిహద్దుకు ఆనుకున్న సోంపేట సంగతి తెలుగువాళ్ళకు కొత్త కాదు. 2010 జూలై 14న అక్కడ థర్మల్ కేంద్రం పనులను అడ్డుకున్న జనం మీద కాల్పులు జరిగి మనుషులు చనిపోయారు. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ కేంద్రానికిచ్చిన అనుమతిని రద్దు చేసింది. కాగితాల్లో బీడుగా కనిపించిన నేల నిజానికి నీళ్ళు నిలిచే బీల అని తేలడమే అందులో పెద్ద విషయం. వీధిలో ప్రాణాలు పోతున్న రోజునే ఒక అబద్ధపు వర్ణన పట్టుబడి ఫైలు తిరగబడింది. ఆ రెండు వార్తలూ ఒకే పూట విన్న రోజు నాకు ఇంకా గుర్తుంది. 2012 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఛత్తీస్‌గఢ్‌లోని రాయగఢ్ జిల్లాలో ఒక బొగ్గు గని అనుమతిని కొట్టేసింది. అక్కడ తప్పు పట్టింది ప్రజాభిప్రాయ సేకరణ జరిపిన తీరునే.

ఇక భాష సంగతి. మీ ప్రశ్నలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే అనుకుంటాను. సభకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఒక జాతీయ పత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో వేయాలి. పత్రికలు చేరని చోట దండోరా వేయించాలని కూడా ఆ నోటిఫికేషన్‌లో రాసి ఉంది. నేను పనిచేసిన అన్నేళ్ళలో దండోరా వినపడింది రెండుసార్లే, అదీ సర్పంచి పట్టుబట్టినందువల్ల. పూర్తి ముసాయిదా ఇంగ్లీషులో ఉంటుంది, వందల పేజీలు. దాని సంక్షిప్త నివేదిక మాత్రం రాష్ట్ర భాషలో, అంటే మీకు మరాఠీలో దొరుకుతుంది. తెలుగులో ఇమ్మని బలవంతపెట్టే నిబంధన లేదు. కానీ స్థానిక భాష అన్న మాట నోటిఫికేషన్‌లో ఒకటికి రెండుసార్లు వస్తుంది, దాన్ని పట్టుకోండి. ఈ వారమే కలెక్టరు గారికీ, చంద్రపూర్‌లోని మండలి కార్యాలయానికీ ఒక దరఖాస్తు ఇవ్వండి: ఫలానా ఊళ్ళలో తెలుగువాళ్ళు ఎక్కువ, సంక్షిప్త నివేదిక తెలుగులో కావాలి, సభలో తెలుగు అనువాదకుడు ఉండాలి, తెలుగులో మాట్లాడినవాళ్ళ మాటలు నమోదు కావాలి. ఇచ్చినా ఇవ్వకపోయినా మీ దరఖాస్తు మీద పడిన ఆ ముద్ర తర్వాత పనికొస్తుంది.

రాతపూర్వక అభ్యంతరాలు మాత్రం తెలుగులో ఇవ్వడానికి సంకోచించవద్దు. కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా విన్నపం ఇచ్చుకునే హక్కు రాజ్యాంగం 350వ అధికరణ ఇచ్చింది. అయినా నా సలహా, కింద మరాఠీ అనువాదం జతచేయండి. హక్కు మీ వైపే ఉంది, కానీ మినిట్స్ రాసే గుమాస్తాకు తెలుగు రాదు. మీ ఊళ్ళో పదో తరగతి మరాఠీ మీడియంలో చదివిన పిల్లలు ఉంటారు, వాళ్ళతో రాయించండి.

ఇప్పుడు నివేదికను ఎలా చదవాలో చెబుతాను. ఇంగ్లీషు ప్రతిని కలెక్టరు కార్యాలయంలో, జిల్లా పరిషత్తులో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో, మీ పంచాయతీలో చూడవచ్చు. పర్యావరణ అనుమతుల కోసం మంత్రిత్వ శాఖ నడిపే పరివేశ్ వెబ్‌సైటులో ఈ విద్యుత్ కేంద్రానికి సంబంధించిన కాగితాలు దొరుకుతాయి. మొదటి అధ్యాయాల్లో దేశానికి కరెంటు ఎంత అవసరమో రాసి ఉంటుంది, అవి వదిలేయండి. పట్టికల దగ్గరికి వెళ్ళండి. గాలి, నీరు, బూడిద, ఈ మూడూ చాలు.

గాలి పట్టికలో స్థలం చుట్టూ పది కిలోమీటర్లలో కొన్ని ఊళ్ళ పేర్లు, ఒక్కోచోట పట్టిన దుమ్ము లెక్కలు ఉంటాయి. ఆ యంత్రాలు పెట్టింది నాలాంటివాళ్ళే కాబట్టి లోగుట్టు చెబుతాను. నివేదికలో ఆ చోట్లను గాలి దిశను బట్టి, జనాభాను బట్టి ఎంచుకున్నట్టు రాస్తారు. మేము ఊళ్ళోకి దిగగానే వెతికింది మాత్రం ప్లగ్ పాయింటు. యంత్రం ఇరవై నాలుగు గంటలు ఆగకుండా తిరగాలి. బడి మేడ మీద పెడితే సాయంత్రం మెయిన్ ఆపేసి తాళం వేసుకుని పోతారు. ఎవరి ఇంట్లో ఇన్వర్టరు ఉంది, ఎవరు రాత్రి మెట్లు ఎక్కనిస్తారు అన్నది చూసుకుని, ఊరికి ఆ చివరన ఉన్నా సరే అక్కడే పెట్టేవాళ్ళం. లోపల తూచి తెచ్చిన తెల్ల వడపోత కాగితం ఉంటుంది. తీసేటప్పటికి బూడిద రంగుకు మారుతుంది. మళ్ళీ తూచి, పెరిగిన బరువును లాగిన గాలితో భాగిస్తే లెక్క వస్తుంది. రాత్రి చాలాసేపు కరెంటు పోతే ఆ రోజు లెక్క కొట్టేయాలి. కొట్టేశారా అని అడగండి. వారానికి రెండు రోజుల చొప్పున మూడు నెలలు పట్టాలి, అంటే ఒక్కో ఊరికి ఇరవై నాలుగుకు తగ్గకుండా లెక్కలు ఉండాలి. యంత్రం ఎవరి మేడ మీద పెట్టారో మీ ఊళ్ళో పిల్లలకు కూడా తెలుస్తుంది. ఎవరి మేడ మీదా పెట్టకుండా మీ ఊరి పేరు పట్టికలో ఉంటే అంతకంటే బలమైన అభ్యంతరం ఇంకొకటి లేదు.

ఈ పాత లెక్క ఎందుకంత ముఖ్యమంటే, కొత్త పొగగొట్టం కలిపే దుమ్మును కంప్యూటర్ నమూనాతో అంచనా వేసి దీని మీద కూడుతారు. పీఎం10 అనే సన్న దుమ్ముకు ఒక రోజు పరిమితి ఘనపు మీటరు గాలికి 100 మైక్రోగ్రాములు, అంతకంటే సన్నని పీఎం2.5కు 60. ఉదాహరణకు పాత లెక్క 88 చూపించి, కొత్తది 3 కలిపితే 91, పరిమితి లోపలే. నిజంగా 99 ఉండి ఉంటే? అందుకని పాత లెక్క ఎప్పటిది, ఏ నెలలది అని అడగాలి. అనుమతికి దరఖాస్తు చేసేనాటికి అది మూడేళ్ళ కంటే పాతది కాకూడదు. చలికాలం తెల్లవారుజామున మన వైపు పొగ కిందికి దిగి వరి మడుల మీద పరుచుకుని ఉంటుంది, మీరు చూసే ఉంటారు. గాలి బాగా వీచే నెలల్లో పట్టిన నమూనాలో అది కనిపించదు. ఇంకొకటి, చంద్రపూర్ పారిశ్రామిక ప్రాంతం 2009 కేంద్ర కాలుష్య సూచీలో 83.88తో దేశంలో నాలుగో స్థానంలో నిలిచింది. చంద్రపూర్‌లోని ఊర్జానగర్ థర్మల్ కేంద్రం ఒక్కటే 2,920 మెగావాట్లు. దానికి తోడు గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు, బల్లార్‌పూర్ కాగితం మిల్లు. ఇవన్నీ కలిపి చూసిన లెక్క ఉందా, లేక మీ కేంద్రం ఒక్కటే ఈ జిల్లాలో ఉన్నట్టు రాశారా?

నీటి దగ్గర నేను నేర్చుకున్నది ఒక ముసలమ్మ దగ్గర. ఇంకో జిల్లాలో ఒక సభ. ముందు వరసల్లో కంపెనీ బస్సుల్లో వచ్చినవాళ్ళు, చేతుల్లో నీళ్ళ సీసాలు. కంపెనీ ప్రతినిధి మరాఠీలో బొమ్మలు చూపిస్తూ చెప్పుకుపోతున్నాడు. వెనక నేల మీద మనవాళ్ళ ఆడవాళ్ళు కూర్చున్నారు. వాళ్ళకు ఒక్క ముక్క అర్థం కావడం లేదు. పట్టికలో ఆ ఊరి బావిలో నీటి మట్టం అయిదు మీటర్ల చిల్లర లోతున ఉన్నట్టు ఉంది. ఆ ముక్క నేను తెలుగులో చెప్పగానే ఒక ముసలమ్మ లేచి, "మే నెలలో మా బావికి తొమ్మిది బారల తాడు వెయ్యాలి, చాలకపోతే ఎద్దు పగ్గం ముడేస్తాం" అంది. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు, ఎందుకంటే అలాంటి పట్టికలు నింపిన చేతులే నావి. తొమ్మిది బారలంటే దాదాపు పదిహేను మీటర్లు. ఆ మాటను మరాఠీలో చెప్పి, మీటర్లలోకి మార్చి, బావి ఎవరిదో చేర్చి, అలాగే రాయమని కోరాం. చివర్లో మినిట్స్ చదివినప్పుడు ఆ వాక్యం లేదు. మళ్ళీ లేచి అడిగాం, చేర్చారు. తర్వాత ఢిల్లీ కమిటీ, వానలు వెళ్ళిన వెంటనే అక్టోబరులో కొలిచిన బావుల లెక్క చాలదు, వేసవిలో మళ్ళీ కొలవండి అని ఆ నివేదికను వెనక్కి పంపింది. అప్పటిదాకా అరగంట సేపు మైకు పట్టుకుని ప్రసంగించిన నాయకుడి మాటల్లో ఒక్కటీ ఆ కమిటీ కాగితంలో కనపడలేదు.

మీరూ అదే చేయండి. రేపటి నుంచి ఊళ్ళో ప్రతి బావికీ తాడు కొలత రాయండి, తేదీ వేసి, పక్కన అంగుళాల టేపు పెట్టి ఫోనుతో ఫోటో తీయండి. ఇక నది లెక్క. 2017 జనవరి తర్వాత వచ్చిన కేంద్రాలు ఒక మెగావాట్ అవర్ కరెంటుకు 3 ఘనపు మీటర్ల కంటే ఎక్కువ నీరు వాడకూడదు. ఆ పరిమితి మేరకే వాడినా, 1,320 మెగావాట్లు నిండుగా నడిస్తే రోజుకు 95 వేల ఘనపు మీటర్లు, అంటే తొమ్మిదిన్నర కోట్ల లీటర్లు. పల్లెల్లో తాగునీటి పథకానికి మనిషికి రోజుకు 55 లీటర్లు లెక్కగడతారు. ఆ లెక్కన ఇది 17 లక్షల మంది నీళ్ళు. వార్ధాలో వానాకాలం ఇది పెద్ద మొత్తం కాదు. ఏప్రిల్, మే నెలల్లో మీ రేవు దగ్గర నది ఎలా ఉంటుందో మీకు తెలుసు, పిల్లలు నడిచి దాటుతారు. 2010 వేసవిలో ఇరై జలాశయం అడుగంటి చంద్రపూర్ కేంద్రంలోనే యూనిట్లు ఆపాల్సి వచ్చింది. కాబట్టి అడగవలసినది: వేసవిలో నదిలో కనీసం ఎంత నీరు వదలాలి, అంతకంటే తగ్గినప్పుడు కేంద్రం ఆపుతారా, లేక తాగునీళ్ళు ఆపుతారా? జవాబు అంకెల్లో కావాలి.

బూడిద లెక్క కాగితం మీద మీరే వేయవచ్చు. ఒక యూనిట్ కరెంటుకు సుమారు 650 గ్రాముల బొగ్గు అనుకుంటే రోజుకు 20 వేల టన్నులు కాలుతుంది. మన బొగ్గులో బూడిద మూడో వంతుకు పైనే ఉంటుంది, 35 శాతం అనుకుందాం. అప్పుడు రోజుకు 7 వేల టన్నుల బూడిద, 30 టన్నుల లారీలు 230కి పైగా. మీ ఊరి మీదుగా పోయే తారు రోడ్డు వెడల్పు ఎంత? 2021 డిసెంబర్ 31 నాటి నోటిఫికేషన్ ప్రకారం బూడిదనంతా వినియోగించి తీరాలి, మిగిల్చిన దానికి టన్నుకు వెయ్యి రూపాయల పరిహారం కట్టాలి. నివేదికలో ఇటుకలకు, సిమెంటుకు, రోడ్లకు అని ఒక పేరా రాసేస్తారు. ఏ ఫ్యాక్టరీతో ఒప్పందం కుదిరింది, ఎన్ని టన్నులకు కుదిరింది అని అడగండి. చంద్రపూర్ జిల్లాలో సిమెంటు ఫ్యాక్టరీలకు ఇప్పటికే ఉన్న కేంద్రాల బూడిద ఉంది, మీ బూడిద కూడా వాళ్ళు తీసుకుంటారా? బూడిద చెరువు ఎక్కడ తవ్వుతారో పటంలో చూడండి. 2022 జూలై వరదలో వార్ధా మీ వైపు ఎంతవరకు వచ్చిందో ఊళ్ళో గోడల మీద ఇంకా చారలు ఉంటాయి. ఆ చార ఎత్తునూ, బూడిద చెరువు గట్టు ఎత్తునూ పక్కపక్కన పెట్టి రాయండి. పత్తి సంగతి కూడా రాయండి. విచ్చిన పత్తి మీద బూడిద పడితే వ్యాపారి ఎంత కోస్తాడో రైతు చెప్పినంత బాగా ఏ కన్సల్టెంటూ రాయలేడు.

గంధకపు పొగ గురించి ఒక్క మాట. 2015 డిసెంబర్‌లో వచ్చిన నిబంధనలు కొత్త కేంద్రాలకు దుమ్ము 30, సల్ఫర్ డయాక్సైడు 100 మిల్లీగ్రాములకు, ఘనపు మీటరు పొగలో, మించరాదన్నాయి. 2025 జూలై 11న కేంద్ర ప్రభుత్వం ఆ సల్ఫర్ పరిమితిని చాలా కేంద్రాలకు సడలించింది. తీవ్ర కాలుష్య ప్రాంతాలకు, గాలి ప్రమాణాలు అందుకోని నగరాలకు పది కిలోమీటర్ల లోపల ఉన్నవాటి విషయం విడివిడిగా తేలుస్తారు. చంద్రపూర్ అలాంటి నగరమే, కానీ మీ ఊరు ఆ పది కిలోమీటర్లలో లేదు. అందువల్ల గంధకాన్ని కడిగే యంత్రం పెట్టమని చట్టం వాళ్ళను ఒత్తిడి చేయకపోవచ్చు. సభలో మీరు అడిగి, పెడతామని వాళ్ళు ఒప్పుకుని, అది మినిట్స్‌లోకి ఎక్కితే సంగతి మారుతుంది. జనసునావణిలో కంపెనీ ఇచ్చిన హామీలను ఖర్చుతో సహా పర్యావరణ నిర్వహణ ప్రణాళికలో చేర్చాలని 2020 సెప్టెంబర్ 30న మంత్రిత్వ శాఖ ఆదేశించింది. ఉద్యోగాల మాట కూడా ఇలాగే. ఇంత పెద్ద కేంద్రంలోనూ పర్మినెంటు ఉద్యోగాలు కొన్ని వందలే ఉంటాయి, మిగతాది కాంట్రాక్టు కూలి. "ఊరికి ఉద్యోగాలు" అంటే చప్పట్లు కొట్టకండి. ఏ హోదాలో ఎన్ని, ఏ ఊళ్ళకు, ఎన్నేళ్ళలో అని రాయించండి.

సభ రోజున సభను చెడగొట్టవద్దు. ఇది భయపడి చెబుతున్న మాట కాదు. ఆ సభకు కోరం అంటూ లేదు. పదిమంది ఉన్నా మొదలుపెట్టవచ్చు, గొడవ జరిగి మీరంతా వెళ్ళిపోతే మిగిలినవాళ్ళ మాటలే మినిట్స్ అవుతాయి. మీరు బహిష్కరించిన సభలో "స్థానికులు స్వాగతించారు" అని రాసుంటే తర్వాత ఏ కోర్టులో ఏం వాదిస్తారు? హాజరు పట్టీలో సంతకం పెట్టేముందు పైన శీర్షిక చదివించుకోండి. అది సమ్మతి పత్రం కాకూడదు. వచ్చిన ప్రతి ఒక్కరికీ అడిగే అవకాశం ఇవ్వాలని నోటిఫికేషన్ చెబుతోంది, చీకటి పడిందని ఆపేస్తే ఆ మాట కూడా రాయమనండి. కార్యక్రమమంతా వీడియో తీయాలి. చివరికి మినిట్స్‌ను అక్కడే స్థానిక భాషలో చదివి వినిపించాలి. చాలా ఊళ్ళలో అప్పటికి జనం భోజనాలకు లేచిపోయి ఉంటారు. మీరు పదిమంది మాత్రం కదలకండి, ఆ చదివే పది నిమిషాల కోసమే మీరు వెళ్ళింది.

నదికి అవతల సిర్పూర్ వైపు, తెలంగాణలో మీ చుట్టాల ఊళ్ళు పది కిలోమీటర్ల పరిధిలో ఉంటే వాళ్ళనూ కలుపుకోండి. కేంద్రం ఉండేది ఇటు కాబట్టి సభ ఇటే పెడతారు. వాళ్ళు రాతపూర్వకంగా అభ్యంతరాలు పంపవచ్చు. ఆసిఫాబాద్ జిల్లా ఊళ్ళ పేర్లు నివేదికలో ఉన్నాయో లేదో చూడండి. రాష్ట్రం మారేసరికి పటంలో తెల్లగా వదిలేసిన నివేదికలు నేను చూశాను. రాజురా, జివతీ వైపు సరిహద్దు గొడవలో రెండు రాష్ట్రాల్లోనూ ఓటు వేసే ఊళ్ళు ఉన్న జిల్లా మనది, పటాల సంగతి మనకు ఒకరు చెప్పాలా.

సభ అయ్యాక మినిట్స్ ప్రతిని పంచాయతీలో, కలెక్టరు కార్యాలయంలో పెట్టాలి. తేడా ఉంటే నేరుగా మంత్రిత్వ శాఖకు రాయవచ్చు. నిపుణుల కమిటీ సమావేశాల మినిట్స్ పరివేశ్‌లో వస్తాయి, నెలకోసారి ఎవరైనా ఒక కుర్రవాడు చూస్తూ ఉండాలి. ప్రజలు లేవనెత్తిన అభ్యంతరాలను కమిటీ ఎందుకు ఒప్పుకుందో, ఎందుకు తోసిపుచ్చిందో కారణాలు రాయాలని ఢిల్లీ హైకోర్టు 2009లోనే చెప్పింది. అనుమతి వచ్చేస్తే, దాని మీద జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకోవడానికి గడువు 30 రోజులే. తగిన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు ఇవ్వవచ్చు, ఆ పైన ఒక్క రోజు కూడా లేదు. అనుమతి మొదట బయటపడిన తేదీ నుంచే లెక్క, మీకు తెలిసిన రోజు నుంచి కాదు. మహారాష్ట్ర కేసులు పుణె ధర్మాసనానికి వెళ్తాయి. వకీలును అప్పుడు వెతకడం మొదలుపెడితే ఆలస్యమైనట్టే.

ప్రస్తుతానికి నాకు మూడు ఫోటోలు పంపండి: పేపర్లో పడిన ప్రకటన, సంక్షిప్త నివేదికలో నీటి మట్టాల పట్టిక, గాలి నమూనాలు పట్టిన ఊళ్ళ పటం. ప్రకటన తేదీకీ సభ తేదీకీ మధ్య 30 రోజులు ఉన్నాయో లేవో ముందు లెక్కపెడదాం. సభ రోజున నేను వస్తాను, వెనక ఆడవాళ్ళు కూర్చునే చోట నాకూ కొంచెం జాగా ఉంచండి.